పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో పనిచేయట్లేదా? ఫైళ్లు పోకుండా ఇలా బయటికి తీస్కోండి

కొత్త విండోస్ వేశారు, అంతా బానే ఉంది, ఏదో పాత ఫొటో కోసం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి చూస్తే అందులో ఫొటోలు కనబడవు, 180 జీబీ ఉన్న ఒకే ఒక్క ఫైల్ ఉంది, డబుల్ క్లిక్ చేస్తే దీన్ని దేంతో తెరవాలో చెప్పమని విండోసే మిమ్మల్ని అడుగుతుంది. సరే ఆ బ్యాకప్ తీసిన పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామంటే ఈ వెర్షన్‌లో రన్ అవ్వదని చెప్పి మూసుకుపోతుంది. మీ పరిస్థితి ఇదే అయితే ముందు కాస్త స్థిమితపడండి, ఫైళ్లు చాలావరకు ఆ ఫైల్ లోపలే ఉన్నాయి, బీరువా మీ దగ్గరుంది తాళంచెవి పాత కంప్యూటర్‌లో ఉండిపోయింది అంతే. ఫైళ్లు నిజంగా పోయేది ఎప్పుడంటే, ఇప్పుడు కంగారులో ఏదో ఒకటి చేసేసినప్పుడు.

నాకు ఇది జరిగింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నా. ఏడేళ్ల ఫొటోలు ఒక సాఫ్ట్‌వేర్‌తో బ్యాకప్ తీసి పెట్టుకున్నా, డబ్బులు పెట్టి కొన్నదే. కొత్త విండోస్ సెటప్ మధ్యలో ఆగి ఈ ప్రోగ్రామ్ సరిపడదు తీసేయండి అంది, తీసేశా. తర్వాత మళ్లీ వేద్దామంటే యాక్టివేషన్ సర్వర్ ఆ కంపెనీవాళ్లు ఎప్పుడో ఆపేశారు, కీ చేతిలో ఉన్నా లాభం లేకపోయింది. అన్నీ బయటికి తీయడానికి మూడు వారాలు పట్టింది, మధ్యలో ఒక డీవీడీ చదవడం మానేసింది, దాంట్లో ఉన్న రెండు నెలల ఫొటోలు ఇంక రాలేదు. ఆ సెటప్ స్క్రీన్ దగ్గర ఒక గంట ఆగి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

ముందు వరస గుర్తుపెట్టుకోండి

ఇంకా అప్‌గ్రేడ్ చేయకపోతే మీరు అదృష్టవంతులు. వరస ఏంటంటే, పాత కంప్యూటర్‌లో పాత సాఫ్ట్‌వేర్‌తోనే అన్ని ఫైళ్లూ మామూలు ఫోల్డర్లుగా వేరే డిస్క్‌లోకి రిస్టోర్ చేయండి, అవి తెరుచుకుంటున్నాయో చూడండి, ఆ తర్వాతే పాత సాఫ్ట్‌వేర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి, ఆ తర్వాత అప్‌గ్రేడ్. చాలామంది అన్‌ఇన్‌స్టాల్ మొదట చేస్తారు, ఎందుకంటే విండోస్ సెటప్ అడిగేది అదే కదా. సెటప్ ఆ మాట అడగ్గానే క్యాన్సిల్ కొట్టి బయటికొచ్చేయండి, ఏమీ కాదు, రేపు మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అప్‌గ్రేడ్ ఆల్రెడీ అయిపోయిందా? ఎన్ని రోజులైందో చూస్కోండి. పాత విండోస్ మీదే అప్‌గ్రేడ్ చేసి ఉంటే మామూలుగా 10 రోజుల్లోపు వెనక్కి వెళ్లే వీలుంటుంది, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ గో బ్యాక్ అని బటన్ ఉంటుంది. విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ సీ డ్రైవ్‌లో ఉన్నంతవరకే ఇది పనిచేస్తుంది, స్థలం చాలట్లేదని డిస్క్ క్లీనప్‌లో దాన్ని తీసేస్తే ఆ దారి మూసుకున్నట్టే. వెనక్కి వెళ్లేముందు అప్‌గ్రేడ్ తర్వాత చేసిన కొత్త ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, అప్‌గ్రేడ్ తర్వాత వేసిన ప్రోగ్రామ్‌లు మాత్రం పోతాయి, మళ్లీ వేస్కోవాలి. వెనక్కి వెళ్లి రిస్టోర్ చేస్కొని మళ్లీ అప్‌గ్రేడ్ చేయడం ఒక రోజు పని, మిగతా దారులన్నిటికంటే ఇదే సులువు.

ఇంకోటి, ఏం చేసినా అసలు బ్యాకప్ ఫైల్ మీద చేయకండి. ఇంకో డిస్క్‌లోకి కాపీ తీసి ఆ కాపీతో ప్రయోగాలు చేయండి. ముక్కలు ముక్కలుగా ఐదారు డీవీడీల్లో ఉన్న బ్యాకప్ అయితే అన్ని ముక్కలూ ఒకే ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి, ఒక్క ముక్క తగ్గినా కొన్ని సాఫ్ట్‌వేర్లు మొత్తానికే తెరవవు.

అసలు ఎందుకు పనిచేయదు

ఇది తెలిస్తే ఏ దారిలో టైమ్ వేస్టో తెలుస్తుంది, అందుకే చెప్తున్నా. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అనేది వర్డ్ ప్రాసెసర్ లాంటి మామూలు ప్రోగ్రామ్ కాదు. వాడకంలో ఉన్న ఫైళ్లని కూడా కాపీ తీయాలి కాబట్టి అది విండోస్ లోపల, డిస్క్‌కి దగ్గరగా, తన సొంత డ్రైవర్ (విండోస్‌కీ డిస్క్‌కీ మధ్య పనిచేసే చిన్న ప్రోగ్రామ్) ఒకటి పెట్టుకుంటుంది. ప్రోగ్రామ్ పాతదైనా సర్దుకుపోవచ్చు కానీ డ్రైవర్ పాతదైతే కొత్త విండోస్ ఒప్పుకోదు. 64 బిట్ విండోస్‌లో విస్టా నుంచి డిజిటల్ సంతకం లేని డ్రైవర్ ఎక్కదు, విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి ఈ రూల్ ఇంకా గట్టిగా అయ్యింది, విండోస్ 11లో అయితే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ కొత్తగా వేసిన చాలా మెషిన్లలో మొదటి నుంచే ఆన్ అయ్యుంటుంది, అది పాత డ్రైవర్లని ఆపేస్తుంది. పైగా విండోస్ 11 అసలు 32 బిట్‌లో రాదు, మరీ పాత 16 బిట్ ప్రోగ్రామ్‌లు 64 బిట్ విండోస్‌లో కదలను కూడా కదలవు. కొన్ని పాత వాటిల్లో ప్రోగ్రామ్ 32 బిట్‌దే అయినా సెటప్ ఫైల్ ఒక్కటి 16 బిట్‌ది ఉంటుంది, అందుకే ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతాయి.

అందుకని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి కంపాటిబిలిటీ మోడ్‌లో ఎక్స్‌పీ అని టిక్ పెట్టమని ఎవరైనా చెప్తే అది సగం మాటే. ఆ టిక్ ప్రోగ్రామ్‌కి నేను పాత విండోస్‌ని అని చెప్తుంది అంతే, డ్రైవర్‌కి దాంతో సంబంధం లేదు. పాత బ్యాకప్‌ని తెరిచి చూడ్డానికి మాత్రమే పనికొచ్చే చిన్న వ్యూయర్ ప్రోగ్రామ్‌లకి ఈ టిక్ పనిచేయొచ్చు, ప్రయత్నించండి, తప్పులేదు. కానీ కొత్త బ్యాకప్ తీయడానికి మాత్రం ఆ పద్ధతిలో పాత సాఫ్ట్‌వేర్‌ని వాడకండి. పైకి బ్యాకప్ సక్సెస్ అని చూపించి లోపల సగం ఫైళ్లు వదిలేసే అవకాశం ఉంది, అది అస్సలు బ్యాకప్ లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే మీరు ఉందని నమ్ముతారు.

ఇంకో విచిత్రం ఉంది. ఎక్స్‌పీలో యూజర్ ఫైళ్లు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లో ఉండేవి, విస్టా నుంచి యూజర్స్ ఫోల్డర్‌లోకి మారాయి, పాత ప్రోగ్రామ్‌లు తడబడకుండా పాత పేర్లతో జంక్షన్లు అని పెట్టారు, అంటే ఫోల్డర్‌లా కనబడే దారి పలకలు అన్నమాట. వాటి సంగతి తెలియని పాత బ్యాకప్ ప్రోగ్రామ్ పలకని ఫోల్డర్ అనుకొని లోపలికి వెళ్లి, అక్కడ మళ్లీ అదే పలక చూసి మళ్లీ లోపలికి వెళ్లి, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. బ్యాకప్ ఎంతకీ అవ్వట్లేదు, డిస్క్ నిండిపోతోంది అంటే చాలాసార్లు కారణం ఇదే.

స్టెప్ 1: మీ దగ్గరున్న ఫైల్ ఏ రకం

ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి చివరి అక్షరాలు చూడండి. దాదాపు సగం సమస్య ఇక్కడే తేలిపోతుంది.

చివర్లో బీకేఎఫ్ ఉంటే అది ఎక్కువగా విండోస్ 2000, ఎక్స్‌పీల్లో వచ్చిన ఎన్‌టీబ్యాకప్‌తో తీసింది. 2007లో విస్టా వచ్చినప్పుడు దాన్ని తీసేశారు. కొన్ని పెద్ద ఆఫీసు బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు కూడా ఇదే ఎక్స్‌టెన్షన్ వాడాయి, కాబట్టి ఒకటి తెరవకపోతే ఫైల్ పాడైందని అప్పుడే అనుకోకండి, అది వేరే ప్రోగ్రామ్‌ది కావొచ్చు. దీన్ని తెరిచే పద్ధతి కింద చెప్తా.

ఒక ఫోల్డర్, దాంట్లో బ్యాకప్ సెట్ అని తేదీతో పేరు, ఇంకా లోపలికి వెళ్తే బోలెడన్ని జిప్ ఫైళ్లు కనబడితే అది విస్టా లేదా విండోస్ 7 బ్యాకప్, ఇది చాలా మంచి వార్త, అవి మామూలు జిప్‌లే, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి. కాకపోతే ఒక్కో జిప్ దాదాపు 200 ఎంబీ దగ్గర ఆగిపోతుంది కాబట్టి పెద్ద వీడియోలు రెండు మూడు జిప్‌ల మధ్య ముక్కలైపోయి ఉంటాయి, వాటిని చేత్తో తీస్తే ప్లే అవ్వవు. విండోస్ 10, 11ల్లో కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్తే బ్యాకప్ అండ్ రిస్టోర్, పక్కనే విండోస్ 7 అని రాసున్న పాత టూల్ ఇంకా ఉంది, అందులో వేరే బ్యాకప్ నుంచి రిస్టోర్ చేయి అన్న లింక్ నొక్కి ఈ డిస్క్ చూపిస్తే ముక్కలు అతికించి సరిగ్గా ఇస్తుంది.

విండోస్‌ఇమేజ్‌బ్యాకప్ అనే ఫోల్డర్ ఉంటే అది మొత్తం డ్రైవ్ ఇమేజ్, అంటే డ్రైవ్‌కి ఉన్నదున్నట్టు తీసిన నకలు. లోపల వీహెచ్‌డీ గానీ వీహెచ్‌డీఎక్స్ గానీ ఉంటుంది, విండోస్ 7 దాకా మొదటిది, 8 నుంచి రెండోది. దీనికి ఏ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి యాక్షన్ మెనూలో అటాచ్ వీహెచ్‌డీ కొట్టి ఫైల్ చూపించి, కింద రీడ్ ఓన్లీ అన్న టిక్ తప్పకుండా పెట్టండి, కొత్త డ్రైవ్ లెటర్‌తో పాత సీ డ్రైవ్ మొత్తం కనబడుతుంది, కావల్సినవి కాపీ చేస్కోండి. ఆ టిక్ మర్చిపోతే విండోస్ ఆ ఇమేజ్ మీద ఏదో ఒకటి రాస్తుంది, మళ్లీ చెప్తున్నా, అసలు దాని జోలికి పోకండి, కాపీ మీదే చేయండి.

ఫైల్‌హిస్టరీ అనే ఫోల్డర్ అయితే చింతే లేదు. విండోస్ 8తో వచ్చిన ఫీచర్ అది, ఫైళ్లని ఉన్నవి ఉన్నట్టే పెడుతుంది, పేరు చివర తేదీ టైమ్ తగిలిస్తుంది అంతే.

జీహెచ్ఓ అయితే నార్టన్ ఘోస్ట్ పాత రకం, వీ2ఐ అయితే దాని తర్వాతి రకం, ఆ ప్రొడక్ట్ అమ్మకం 2013లో ఆగిపోయింది. జీహెచ్ఓకి ఘోస్ట్ ఎక్స్‌ప్లోరర్ అని చిన్న ప్రోగ్రామ్ పాత సీడీలోనే ఉండేది. టీఐబీ అయితే అక్రోనిస్, దాని కొత్త రకం టీఐబీఎక్స్, ఎంఆర్‌ఐఎంజీ అయితే మాక్రియం. ఇలాంటి వాటికి ముందు ఆ కంపెనీ సైట్‌కి వెళ్లి మీ ఫైల్ తీసిన వెర్షన్‌ని ఇప్పటి వెర్షన్ చదువుతుందా అని చూడండి. మామూలుగా కొత్తది పాతదాన్ని చదువుతుంది, పాతది కొత్తదాన్ని చదవదు. ఒక్కోసారి మరీ పాతదాన్ని కొత్తది వదిలేస్తుంది, అప్పుడు మధ్య వెర్షన్ ఒకటి పట్టుకోవాలి. రిస్టోర్‌కి మాత్రమే పనికొచ్చే ట్రయల్ వెర్షన్ దొరికినా మన పనికి చాలు. సొంత సైట్ కాకుండా ఊరూ పేరూ లేని చోట్ల నుంచి పాత ఇన్‌స్టాలర్లు దింపకండి, అడ్మిన్ పర్మిషన్‌తో నడిచే ప్రోగ్రామ్ అది, దాంతో పాటు ఏం వస్తుందో తెలియదు.

స్టెప్ 2: బీకేఎఫ్ తెరవడం

పాత ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుంటే దాంట్లోనే రిస్టోర్ చేసేయండి, వేరే ఆలోచనే వద్దు. లేదంటే ఎక్స్‌పీ నుంచి మూడు ఫైళ్లు కావాలి, ఎన్‌టీబ్యాకప్ డాట్ ఈఎక్స్‌ఈ, ఎన్‌టీఎంఎస్‌ఏపీఐ డాట్ డీఎల్ఎల్, వీఎస్‌ఎస్‌ఏపీఐ డాట్ డీఎల్ఎల్, మూడూ విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32 లోపల ఉంటాయి. వీటిని కొత్త కంప్యూటర్‌లో వేరే ఫోల్డర్ ఒకటి చేసి అందులో పెట్టండి, కొత్త విండోస్ సిస్టమ్32లో మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు, అక్కడ అదే పేరుతో వేరే ఫైల్ ఉంటుంది. రన్ చేస్తే రిమూవబుల్ స్టోరేజ్ సర్వీస్ లేదని హెచ్చరిక వస్తుంది, అది టేప్ డ్రైవ్‌ల కోసం, ఓకే కొట్టి ముందుకెళ్లండి. రిస్టోర్ ట్యాబ్‌లో మీ ఫైల్ చూపించి క్యాటలాగ్ (లోపలి ఫైళ్ల లిస్ట్) చేయనివ్వండి, పెద్ద ఫైల్ అయితే చాలాసేపు పడుతుంది, ఆగిపోయిందనుకొని మూసేయకండి. రిస్టోర్ ఎక్కడికి అన్న చోట ఒరిజినల్ లొకేషన్ కాకుండా ఆల్టర్నేట్ లొకేషన్ ఎంచుకోండి. ఇది చాలా చాలా ముఖ్యం, ఒరిజినల్ అని వదిలేస్తే పాత ఎక్స్‌పీ సిస్టమ్ ఫైళ్లు తెచ్చి కొత్త విండోస్ మీద పోయబోతుంది. సిస్టమ్ స్టేట్ (పాత విండోస్ సొంత సెట్టింగులు) అన్న టిక్ కూడా తీసేయండి.

స్టెప్ 3: ఏదీ కుదరకపోతే వర్చువల్ మెషిన్

నా ఫొటోలు బయటికి వచ్చింది ఈ దారిలోనే, కాబట్టి దీని మీద నాకు నమ్మకం ఎక్కువ. కొత్త కంప్యూటర్ లోపలే ఒక పాత కంప్యూటర్‌ని నడిపించడం అన్నమాట. వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది, విండోస్ ప్రో ఎడిషన్ అయితే హైపర్-వీ లోపలే ఉంటుంది. మీ పాత విండోస్ సీడీ, దాని కీ, పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ ఉంటే చాలు.

చాలామంది ఇరుక్కునేది ఎక్కడంటే 180 జీబీ ఫైల్‌ని ఆ పాత మెషిన్ లోపలికి ఎలా పంపాలి, తీసినవి బయటికి ఎలా తేవాలి అన్న దగ్గర. షేర్డ్ ఫోల్డర్లు, యూఎస్‌బీలు అని కుస్తీ పడకండి, పాత విండోస్‌తో అవి సతాయిస్తాయి. ఇలా చేయండి, కొత్త విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌లో క్రియేట్ వీహెచ్‌డీ కొట్టి బ్యాకప్ సైజుకి రెండున్నర మూడు రెట్లు ఉండేలా ఒక వర్చువల్ డిస్క్ చేయండి, వీహెచ్‌డీ రకమే ఎంచుకోండి వీహెచ్‌డీఎక్స్ వద్దు, పార్టిషన్ స్టైల్ ఎంబీఆర్ పెట్టండి ఎందుకంటే 32 బిట్ ఎక్స్‌పీ జీపీటీ అనే కొత్త స్టైల్‌ని చదవలేదు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో ఫార్మాట్ చేయండి. దాంట్లోకి బ్యాకప్ ఫైల్ కాపీ చేసి డిటాచ్ చేయండి. ఇప్పుడు అదే వీహెచ్‌డీని వర్చువల్ మెషిన్‌కి రెండో హార్డ్ డిస్క్‌గా తగిలించండి. లోపల పాత విండోస్‌కి అది డీ డ్రైవ్‌లాగా కనబడుతుంది, పాత సాఫ్ట్‌వేర్‌తో అదే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి, మెషిన్‌ని షట్‌డౌన్ చేసి, వీహెచ్‌డీని మళ్లీ బయట అటాచ్ చేస్తే ఫైళ్లన్నీ మీ ముందుంటాయి. రెండు వైపులా ఒకేసారి తగిలించకండి, ఫైల్ సిస్టమ్ పాడైపోతుంది. వీహెచ్‌డీ రకానికి దాదాపు 2 టీబీ హద్దు ఉంది, అంతకు మించితే భాగాలుగా చేస్కోండి.

ఆ వర్చువల్ మెషిన్‌కి నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. ఏళ్ల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్లు లేని విండోస్ అది, మనకి ఇంటర్నెట్‌తో పని లేదు కూడా. యాక్టివేషన్ కోసం నెట్ కావాలని ఆ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మొండికేస్తే ట్రయల్ మోడ్‌లో రిస్టోర్ ఇస్తుందేమో చూడండి, నాకు అలాగే వచ్చింది, బ్యాకప్ తీయడాన్నే లాక్ చేశారు గానీ రిస్టోర్‌ని చేయలేదు.

ఫైళ్లు వచ్చాయి కానీ తెరుచుకోవట్లేదు

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి, రెండూ యాక్సెస్ డినైడ్ అనే చూపిస్తాయి. మొదటిది పర్మిషన్ది. ఫైల్ పాత కంప్యూటర్‌లోని మీ పాత యూజర్ పేరు మీద ఉంది, కొత్త విండోస్‌కి ఆ మనిషి ఎవరో తెలియదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఓనర్‌ని మీ పేరుకి మార్చి లోపలి ఫోల్డర్లకి కూడా వర్తించేలా టిక్ పెడితే తీరిపోతుంది.

రెండోది ఈఎఫ్‌ఎస్ ఎన్‌క్రిప్షన్, అంటే విండోస్ ఫైల్‌కి ఒక కీతో తాళం వేసేయడం. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో ఫైల్ ప్రాపర్టీస్‌లో ఎన్‌క్రిప్ట్ కంటెంట్స్ టిక్ పెట్టి ఉంటే, పేర్లు ఆకుపచ్చ రంగులో కనబడేవి గుర్తుందా, అవి బ్యాకప్‌లో కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి. దీనికి ఓనర్ మార్చినా లాభం లేదు, పాత కంప్యూటర్‌లోని ఆ యూజర్ సర్టిఫికెట్, ప్రైవేట్ కీతో సహా కావాలి. అందుకే పాత మెషిన్ బతికుండగానే ఆకుపచ్చ ఫైళ్లు ఏమన్నా ఉంటే ఎన్‌క్రిప్షన్ టిక్ తీసేసి కాపీ చేస్కోవాలి, లేదా సర్టిఫికెట్‌ని పీఎఫ్ఎక్స్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పాస్‌వర్డ్‌తో దాచుకోవాలి. మెషిన్ పారేశాక దీనికి మందు లేదు.

ఫైళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతే అది యూనికోడ్ తెలియని కాలం నాటి సాఫ్ట్‌వేర్ పని, తెలుగులో పెట్టిన పేర్లు అలాగే అవుతాయి. లోపలి ఫైల్ బానే ఉంటుంది, పేరే పోయింది, తేదీని బట్టి మళ్లీ పేర్లు పెట్టుకోవడమే.

స్టెప్ 4: పాత సాఫ్ట్‌వేర్‌ని సరిగ్గా తీసేయడం

ఫైళ్లన్నీ చేతికొచ్చాక మాత్రమే ఇది. ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌ని డిలీట్ కొట్టేసి అయిపోయిందనుకోకండి. ఇందాక చెప్పిన డ్రైవర్ ఉంది కదా, దాని పేరు రిజిస్ట్రీలో డిస్క్‌కి సంబంధించిన చోట అప్పర్‌ఫిల్టర్స్ అనే వరసలో రాసి ఉంటుంది. డ్రైవర్ ఫైల్ పోయి పేరు మాత్రం మిగిలిపోతే, విండోస్ ఆన్ అయ్యేటప్పుడు ఆ పేరు కోసం వెతికి, దొరక్క, డిస్క్‌నే అందుకోలేక ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలం స్క్రీన్‌తో ఆగిపోతుంది. రిజిస్ట్రీ క్లీనర్లతో, చేత్తో డిలీట్ చేయడంతో ఇలా అయ్యేవే ఎక్కువ. కాబట్టి మామూలుగా యాప్స్ లిస్ట్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఆ కంపెనీకి క్లీనప్ టూల్ ఉంటే అది కూడా నడిపి, రీస్టార్ట్ చేసి, మెషిన్ మామూలుగా ఆన్ అయ్యాక అప్పుడు అప్‌గ్రేడ్ మొదలుపెట్టండి. అప్‌గ్రేడ్ అయ్యాక విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్ తెరిచి చూడండి, మెమరీ ఇంటెగ్రిటీ ఆన్ అవ్వకపోతే అడ్డం పడుతున్న డ్రైవర్ల లిస్ట్ అక్కడే ఇస్తుంది, పాత బ్యాకప్ డ్రైవర్ మిగిలిందేమో దాంట్లో తెలిసిపోతుంది. పాత సాఫ్ట్‌వేర్ నడవడం కోసం ఆ రక్షణని ఆఫ్ చేయడం నేను ఒప్పుకోను.

పాత రెస్క్యూ డిస్క్‌ని నమ్ముకోకండి

సాఫ్ట్‌వేర్ మార్చినా చాలామంది పాత బూట్ సీడీని, పెన్‌డ్రైవ్‌ని అలాగే అట్టిపెట్టుకుంటారు, కంప్యూటర్ పాడైతే దాంతో లేపొచ్చని. విండోస్ 7 కాలం నాటి రెస్క్యూ డిస్క్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి (కొత్త రకం వేగమైన డిస్క్) డ్రైవర్ ఉండదు, యూఎస్‌బీ 3కి కూడా ఉండదు, అంటే అది బూట్ అయినా లోపలి డిస్క్ కనబడదు, ఒక్కోసారి కీబోర్డే పనిచేయదు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన వాటినే బూట్ అవ్వనిచ్చే రక్షణ) ఆన్ ఉంటే అసలు బూటే అవ్వకపోవచ్చు. అన్నీ దాటినా ఇప్పటి లాప్‌టాప్‌లలో డ్రైవ్ బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్‌తో లాక్ అయ్యుండటం మామూలైపోయింది, పాత డిస్క్‌కి అది చెత్తలాగా కనబడుతుంది. మీ బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో ఈరోజే చూస్కోండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యుంటే సాధారణంగా అక్కడ సేవ్ అయ్యుంటుంది, ఒక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. ఆ తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్‌తో కొత్త రెస్క్యూ పెన్‌డ్రైవ్ చేసి, ఒకసారి దాంతో బూట్ చేసి డిస్క్ కనబడుతుందో లేదో చూడండి, రిస్టోర్ కొట్టక్కర్లేదు, కనబడితే చాలు.

బ్యాకప్ నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంటే

పాత నాస్ బాక్స్‌లు, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్ పెట్టెలు, ఎస్‌ఎంబీ1 అనే పాత భాష మాట్లాడతాయి. 2017లో వానాక్రై వైరస్ పాకింది ఆ ఎస్‌ఎంబీ1లో ఉన్న లోపం వల్లే, అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 నుంచి కొత్తగా వేసినప్పుడు దాన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం మానేశారు. విండోస్ 11 24హెచ్2లో ప్రో లాంటి ఎడిషన్లలో ఎస్‌ఎంబీ సైనింగ్ (పంపే డేటాకి సంతకం) తప్పనిసరి చేశారు, పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లని కూడా ఆపేశారు. కాబట్టి నిన్నటిదాకా కనబడిన బాక్స్ ఈరోజు కనబడకపోతే అది పాడవ్వలేదు. ముందు నాస్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూసి ఎస్‌ఎంబీ2 ఆన్ చేయండి, యూజర్ పేరు పాస్‌వర్డ్ పెట్టండి. అప్‌డేట్ లేకపోతే దాని వెబ్ పేజీ నుంచో వెనకాల యూఎస్‌బీ పోర్ట్ నుంచో డేటా బయటికి తీస్కోండి. ఎస్‌ఎంబీ1ని విండోస్ ఫీచర్స్‌లో ఆన్ చేయడం ఆఖరి దారి, అది కూడా కాపీ అయ్యేంతవరకే, అవ్వగానే ఆఫ్.

మ్యాక్ వాళ్లకి

కథ అదే, పేర్లు వేరు. 2019లో వచ్చిన కాటలినాతో 32 బిట్ యాప్‌లు పూర్తిగా ఆగిపోయాయి. అంతకు ఏడాది ముందు మొజావేతో ఫుల్ డిస్క్ యాక్సెస్ అనే పర్మిషన్ వచ్చింది, దాని గురించి తెలియని పాత బ్యాకప్ యాప్ మెయిల్, మెసేజెస్ లాంటి ఫోల్డర్లని చదవలేక వదిలేస్తుంది, అన్నీ వచ్చాయనే మీరు అనుకుంటారు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో మీ బ్యాకప్ యాప్‌కి ఆ పర్మిషన్ ఉందో లేదో చూడండి. టైమ్ మెషిన్ వాడేవాళ్లకి భయం తక్కువ, 2020లో బిగ్ సర్ నుంచి కొత్త బ్యాకప్‌లు ఏపీఎఫ్ఎస్ అనే కొత్త ఫార్మాట్ డిస్క్ మీద తీస్తుంది కానీ పాత ఫార్మాట్ హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ బ్యాకప్‌లని కూడా చదువుతుంది. ఉల్టాగా, ఏపీఎఫ్ఎస్ డిస్క్‌ని 2016కి ముందు వెర్షన్లున్న పాత మ్యాక్‌కి పెడితే మాత్రం చదవదు.

స్టెప్ 5: మళ్లీ ఇలా ఇరుక్కోకుండా

కొత్త సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను చూసే మొదటి విషయం, ఈ కంపెనీ రేపు మూతపడితే నా ఫైళ్లు ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా తెరవగలనా. ఫొటోలు, డాక్యుమెంట్లకి అయితే ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసే పద్ధతే నాకు ఇష్టం, విండోస్‌లో విస్టా నుంచి రోబోకాపీ అనే కాపీ టూల్ లోపలే ఉంది, లైనక్స్, మ్యాక్‌లలో అలాంటిదే ఆర్‌సింక్ ఉంది. రోబోకాపీలో మిర్రర్ ఆప్షన్ మాత్రం జాగ్రత్త, మీ దగ్గర పొరపాటున డిలీట్ అయిన ఫైల్‌ని బ్యాకప్‌లో కూడా డిలీట్ చేసేస్తుంది. మొత్తం సిస్టమ్ ఇమేజ్ కావాలంటే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ తప్పదు, తీస్కోండి, కానీ ఒక్కగానొక్క కాపీ దాంట్లోనే ఉంచకండి.

వన్‌డ్రైవ్ వాడుతుంటే ఇంకో మెలిక ఉంది, 2017 నుంచి ఫైల్స్ ఆన్ డిమాండ్ అని వచ్చింది, ఫైల్ కంప్యూటర్‌లో ఉన్నట్టు కనబడుతుంది కానీ పక్కన మబ్బు గుర్తు ఉంటే లోపల ఏమీ లేదు. దీని గురించి తెలియని పాత సాఫ్ట్‌వేర్ వాటిని వదిలేయొచ్చు లేదా అన్నీ డౌన్‌లోడ్ చేసి డిస్క్ నింపేయొచ్చు. బ్యాకప్ కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ పెట్టండి.

కొత్తది పెట్టాక మొదటి రోజే పరీక్ష చేయండి. ఒక 20 ఫైళ్లు, రకానికి కొన్ని, ఒక పెద్ద వీడియో, ఒక తెలుగు పేరున్న ఫైల్, బాగా లోపల ఫోల్డర్‌లో ఉన్న ఒకటి, వీటిని వేరే ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేసి ఒక్కోటి తెరిచి చూడండి. వీలైతే వేరే కంప్యూటర్‌లో చేయండి, అసలు పరీక్ష అదే. పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఇదే పరీక్ష మళ్లీ చేయండి, పది నిమిషాల పని.

చివరిగా ఒక చిన్న పని, బ్యాకప్ ఉన్న డిస్క్‌లోనే ఒక నోట్‌ప్యాడ్ ఫైల్ పెట్టి అందులో ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ విండోస్‌లో తీశారు, ఎప్పుడు తీశారు అని నాలుగు లైన్లు రాయండి, పక్కనే ఆ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్ ఫైల్ కూడా పెట్టండి. పాస్‌వర్డ్, లైసెన్స్ కీ మాత్రం ఆ డిస్క్‌లో వద్దు, కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకి ఎక్కడ పెట్టారో చెప్పండి. పాత బ్యాకప్ డిస్క్‌ని అప్పుడే ఫార్మాట్ చేయకండి, బయటికి తీసిన ఫైళ్లకి రెండో కాపీ వేరే డిస్క్‌లో పడి, దాన్ని కూడా తెరిచి చూశాక అప్పుడు చేయండి.